వణుకుకు విరుగుడు: పొట్లంలో ఉన్నదెంత?

హైదరాబాద్ చార్మినార్ చుట్టుపక్కల సందుల్లో, మూసీ దాటితే బేగంబజార్‌లో, మూలికల దుకాణాల ముందు మూతి విప్పిన గోనెసంచులు వరసగా ఉంటాయి. వాటిల్లో నల్లగా నిగనిగలాడే గింజ ఒకటి. పన్సారీ, అంటే మూలికలమ్మేవాడు, దాన్ని కౌంచ్ బీజ్ అంటాడు. పల్లెల్లో అదే దూలగొండి. కాయ మీది నూగు ఒంటికి తగిలిందంటే ఇక గోక్కుంటూ కూర్చోవాల్సిందే. ఎక్కువమంది కొనేది మగతనం పెరుగుతుందన్న నమ్మకంతో. ఇంట్లో పార్కిన్సన్స్‌తో చెయ్యి వణుకుతున్న పెద్దాయన కోసం అడిగేవాళ్లూ ఉంటారు.

అలా అడగడం వెర్రితనమేమీ కాదు. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ గింజల నుంచే ఎల్-డోపాను, అంటే లెవోడోపాను వేరుచేశారు. పార్కిన్సన్స్‌లో డోపమైన్‌ను తయారుచేసే మెదడు కణాలు క్రమంగా నశిస్తాయి. డోపమైన్‌నే మింగితే అది మెదడుకు చేరదు. డోపా చేరుతుంది, చేరాక డోపమైన్‌గా మారుతుంది. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ పెద్ద మోతాదుల్లో డోపా ఇచ్చి, కదల్లేని రోగుల్లో కదలిక తెచ్చారు. నేటికీ న్యూరాలజిస్టు చీటీలో ముందుండేది ఆ లెవోడోపాయే. దారిలోనే ఖర్చయిపోకుండా దానికి కార్బిడోపా తోడిస్తారు.

గింజను నేరుగా పరీక్షించినవాళ్లూ ఉన్నారు. దూలగొండి నుంచి తయారైన హెచ్‌పి-200 అనే పొడిని 60 మందికి 12 వారాలు ఇచ్చి చూసిన అధ్యయనం 1995లో వెలువడింది. లక్షణాలు తగ్గాయి. అయితే పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు తీసుకున్న బృందం అందులో లేదు. 2004లో లండన్ పరిశోధకులు పొడిని లెవోడోపా మాత్రతో పోల్చి చూశారు. 30 గ్రాముల పొడి మాత్ర కన్నా త్వరగా పనిచేసింది, ప్రభావం దాదాపు 37 నిమిషాలు ఎక్కువ నిలిచింది. పాల్గొన్నది మాత్రం ఎనిమిది మందే.

గింజలో మందు ఉంది. చిక్కంతా అక్కడే. మందు ఉన్నచోట మోతాదు కావాలి. గింజ రకాన్ని బట్టి, పొడి కొట్టిన తీరును బట్టి డోపా మారుతుంది. సీసా మీద లేబులున్నా భరోసా లేదు. అమెరికాలో అమ్మే 16 దూలగొండి సప్లిమెంట్లను పరీక్షిస్తే ఒక్కో మోతాదులో 2 నుంచి 241 మిల్లీగ్రాముల దాకా తేలింది, ఆ ఫలితాలు 2022లో వెలువడ్డాయి. మాత్ర వేసుకుంటూనే ఎవరికీ చెప్పకుండా పొడి కూడా కలిపితే డోపా మితిమీరి వాంతులు, తలతిరుగుడు, భ్రమలు, ఒళ్లు దానంతటది మెలికలు తిరగడం రావచ్చు. పాతబస్తీ వాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. మాంసకృత్తులు, లెవోడోపా ఒంట్లోకి వెళ్లే దారిలో పోటీపడతాయి. హలీంతో పాటే మాత్ర వేసుకుంటే అది సరిగా పట్టకపోవచ్చు.

జబ్బును నెమ్మదింపజేస్తాయని ఖరీదైన డబ్బాల్లో అమ్మేవాటి సంగతి మరీ పల్చన. కోఎంజైమ్ క్యూ10ను 600 మందిపై, క్రియాటిన్‌ను 1,700 మందికి పైగా రోగులపై పరీక్షించి, ప్రయోజనం లేదని తేలి మధ్యలోనే ఆపేశారు. విటమిన్ ఇ అంతకుముందే, 1993లోనే ఓడిపోయింది. మధుమేహం మందు ఎక్సెనటైడ్ మొదట్లో ఊరించింది, 2025లో వెలువడిన పెద్ద పరీక్షలో నిరాశపరిచింది.

ఇప్పుడు పరిశోధకుల కళ్లు ఆంబ్రోక్సాల్ మీద పడ్డాయి. మన ఇళ్లలో దగ్గు సిరప్‌గా తెలిసిందే, బ్రిటన్‌లో దాని మీద మూడో దశ పరీక్ష నడుస్తోంది. సిరప్ సీసాకు పరుగెత్తకముందు ఒక లెక్క చూడాలి. 17 మందిపై జరిగిన తొలి పరీక్షలో రోజుకు 1,260 మిల్లీగ్రాములు ఇచ్చారు. 30 మిల్లీగ్రాముల మాత్రలైతే 42 మింగాలి!

పరీక్షలో నెగ్గిన మందు కథ ఒకటి ఈ ఊళ్లోనే ఉంది. లెవోడోపా ప్రభావం మధ్యలో తగ్గిపోయే రోగులకు తోడుగా ఇచ్చే సాఫినమైడ్‌ను 669 మందిపై 24 వారాలు పరీక్షించారు. 2014లో వచ్చిన ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు అప్పట్లో పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజిస్టుగా ఉన్న రూపం బోర్గొహైన్‌ది. కదలిక బాగున్న గంటలు పెరిగాయి. 2015లో యూరప్, 2017లో అమెరికా అనుమతిచ్చాయి. అదీ జబ్బును ఆపే మందు కాదు, రోజును కాస్త సుఖంగా గడిపించే మందు. జబ్బు గమనాన్ని ఆపుతుందని రుజువైన మందు ఇంతవరకు ఏదీ లేదు.

ప్రయోగంలో చేరమని ఎవరైనా అడిగితే అది సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదైందో లేదో చూసుకోండి. సమ్మతి పత్రం తెలుగులోనో ఉర్దూలోనో, మీకు అర్థమయ్యే భాషలో అడగండి. పన్సారీ దగ్గర కొన్న పొడి వాడుతుంటే దాచకుండా ఆ పొట్లం డాక్టరుకు చూపించండి. ఎవరు ఏం చెప్పినా లెవోడోపా మాత్ర మాత్రం ఉన్నపళంగా మానేయకండి. అలా మానితే తీవ్ర జ్వరంతో, కండరాలు బిగుసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు.