పాత చాకు వయసు చెప్పే చుక్కలు

ఇలా రండి పిల్లలూ! పాత మడత చాకు చేతికొస్తే వెంటనే తోమెయ్యకూడదు. దాని వయసు దాని ఒంటిమీదే రాసి ఉంటుంది. ముందు అది చదవాలి.

బ్లేడు తెరిచి, అది పిడిని కలిసే చోట పదును లేని చిన్న భాగం ఉంటుంది చూడండి, అక్కడ భూతద్దం పెట్టండి. తయారీదారు ముద్ర కనిపిస్తుంది. అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బ్రాడ్‌ఫర్డ్‌లో ‘కేస్’ కంపెనీ ఉంది. వాళ్లు 1970లో ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏటా ఒక్కోటి తీసేస్తూ వచ్చారు. మరి నాలుగు చుక్కలుంటే ఏ ఏడు? 1980లోంచి నాలుగు తీసెయ్యండి, 1976! మళ్లీ 1980లో పది చుక్కలతో మొదలెట్టారు. అయితే ఈసారి ముద్రలోని ఇంగ్లిష్ ‘ఎస్’ అక్షరాన్ని మెరుపులా వంకర్లు తిప్పారు. అలాంటి ముద్ర కనిపిస్తే 1990లోంచి తియ్యాలి.

కేస్ చాకు మీద అంకెలు కూడా ఉంటే వాటికీ అర్థముంది. 6254లో 6 అంటే చెక్కిన ఎముక పిడి, 2 అంటే రెండు బ్లేడ్లు, 54 అంటే ‘ట్రాపర్’ అనే నమూనా. మొదట 5 ఉంటే దుప్పి కొమ్ము పిడి.

ముద్ర అరిగిపోతే? పిడినే అడగాలి. అసలు ఎముకైతే భూతద్దంలో సన్నని చుక్కలు, గీతలు కనిపిస్తాయి. ఆ జంతువు బతికున్నప్పుడు నెత్తురు పారిన నాళాల గుర్తులవి. ప్లాస్టిక్‌కు అవి ఉండవు. వేలితో గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వచ్చిందా, అది సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ అన్నమాట. దాని తయారీలో కర్పూరం కలుపుతారు. ముసలిదైన సెల్యులాయిడ్ ఆమ్ల వాయువులు వదులుతుంది. పక్కనున్న బ్లేడ్లకూ తుప్పు పట్టిస్తుంది. అందుకే అలాంటి చాకును గాలాడేచోట విడిగా ఉంచాలి.

బ్లేడు స్టెయిన్‌లెస్ స్టీలైతే ఇంకో ఆధారం దొరికినట్టే. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ ఆ ఉక్కు చేసింది 1913లో. చాకుల్లోకి వచ్చింది ఆ తర్వాతే.

ఏ ఒక్క గుర్తునూ నమ్మేయకండి నాన్నా. ఎవరైనా బ్లేడు మార్చి ఉండొచ్చు. ముద్ర, అంకెలు, పిడి, ఉక్కు అన్నీ ఒకే మాట చెబితే అప్పుడు ఒప్పుకోండి. తుప్పు కనిపిస్తే బొట్టు నూనె రాసి మెత్తని గుడ్డతో తుడవండి. గరుకు కాగితం మాత్రం ముద్ర దగ్గరికి రానివ్వకండి. ఆ చుక్కలు ఒక్కసారి అరిగిపోతే చాకు పుట్టిన ఏడు చెప్పే సాక్ష్యం పోయినట్టే.