విన్న భయము

వినుకొండ యను పేరునకు స్థలపురాణము చెప్పు కారణము చెవికి సంబంధించినది. సీతాపహరణవార్తను శ్రీరాముడు ఈ కొండపై వినెననియు, నాటినుండి ఇది విన్నకొండ యయ్యెననియు పెద్దలు చెప్పుదురు. సముద్రమునకు ఈ యూరు చాల దూరము. కార్తికమాసమున బస్సు కట్టించుకొని సూర్యలంకకు సముద్రస్నానమునకు పోయి, చీకటిపడిన పిదప ఇల్లు చేరు కుటుంబములకు ఏడాదిలో కలుగు సముద్రదర్శనమంతయు ఆ యొక్క పూటయే. అట్టి కుటుంబములోని పిల్లవాడు సైతము మోకాటిలోతు నీటిలో నిలిచి, "నాన్నా, ఇక్కడికి షార్క్ వస్తుందా?" అని యడుగును. వాడు సొరను చూడలేదు. వాని తండ్రియు చూడలేదు. వారి వంశమున సొర కరచినవారెవరును లేరు. ఇది విన్న భయము. దీని జన్మదినము కూడ మనకు తెలియును: 1975 జూన్ 20.

ఆనాడు అమెరికాలో ‘జాస్’, అనగా దవడలు, అను చిత్రము విడుదలయ్యెను. పీటర్ బెంచ్లీ 1974లో ప్రకటించిన నవల దానికి మూలము. దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్, అప్పటికి ఇరువదియెనిమిదేండ్లవాడు. వేసవి యాత్రికులపై బ్రతుకు ఒక చిన్న దీవిలో పెద్ద తెల్లసొర యొకటి మనుష్యులను పొట్టనబెట్టుకొనుచుండగా, తీరమును మూయవలెనని పోలీసు అధికారియు, మూసినచో బేరములు పోవునని పురాధ్యక్షుడును పట్టుపట్టుదురు. తుదకు ఆ యధికారి, ఒక శాస్త్రజ్ఞుడు, కడలిలో కాకలుదీరిన ఒక వేటగాడు పడవనెక్కి దానిపైకి పోవుదురు. కథ యింతే. పురాధ్యక్షుని మాటలు వినునప్పుడు చదువరులకు తమ తమ మునిసిపాలిటీలు గుర్తునకు వచ్చినచో అది నా దోషము కాదు.

చిత్రమునకు ప్రాణమైన సొర మాత్రము పనిచేయలేదు. గాలియొత్తిడితో కదలు మూడు మరసొరలను చేయించి, దర్శకుని న్యాయవాది పేరున ‘బ్రూస్’ అని ముద్దుపేరు పెట్టుకొనిరి. ఉప్పునీట దింపగనే అవి మొరాయించెను, ఒకటి అడుగునకే పోయెను. 55 దినములలో ముగియవలసిన చిత్రీకరణము 159 దినములు సాగెను. చేయునది లేక స్పీల్‌బర్గ్ సొరను దాచెను. కెమెరాయే సొర కన్నై, నీటి క్రిందనుండి ఈదువారి కాళ్లను చూచెను. సొర దేహమున గ్రుచ్చిన బల్లెమునకు త్రాటితో కట్టిన పసుపుపచ్చని పీపాలు తమంతట తామే నీటిని చీల్చుకొనుచు పరుగెత్తి, ఒక్కపెట్టున లోనికి దిగిపోవును. తేలుటకే పుట్టిన పీపాను అడుగునకు లాగుకొనిపోగల బలమెంతయో లెక్కవేసికొను పని ప్రేక్షకునిది. గంట పైని ఇరువది నిమిషములు గడచినగాని సొర తల స్పష్టముగా పైకి లేవదు.

అంతవరకు సొరగా నటించినది సంగీతము. జాన్ విలియమ్స్ కూర్చినది రెండే స్వరములు, మన పరిభాషలో షడ్జమము, దాని ప్రక్కనే శుద్ధరిషభము. మంద్రస్థాయిలో మెల్లగా మొదలై, గుండె వేగముతో పోటీపడుచు దగ్గరకు వచ్చును. మొదట పియానోపై వినిపింపగా దర్శకుడు పరిహాసమనుకొని నవ్వెనట. ఆ రెండు స్వరములకే ఆస్కారు వచ్చెను. కూర్పునకును శబ్దగ్రహణమునకును మరి రెండు.

కనబడని జలచరము కాలుపట్టి లాగుట తెలుగువారికి క్రొత్తయా యనిన, కాదు. పోతన గజేంద్రమోక్షము విన్న చెవులకు మకరి పట్టు తెలియును. అచట చక్రము చేసిన పనిని ఇచట గాలి నింపిన సిలిండరు చేయును. భేదమంతయు అందే యున్నది.

చిత్రము వ్యాపారమునకు నేర్పిన పాఠము వేరు. టెలివిజనులో ముందే ప్రకటనలు గుప్పించి, 409 థియేటర్లలో ఒకేసారి విడుదల చేసిరి; 1977లో ‘స్టార్ వార్స్’ వచ్చువరకు రాబడిలో దీనిని మించినది లేదు. పెద్ద పట్టణములలో ఆడి, గీతలుపడిన రీళ్లతో నెలల పిదప వినుకొండ వంటి ‘సి సెంటరు’లకు దిగు కాలము పోయి, తొలివారపు వసూళ్లకై రాష్ట్రమంతట ఒకే తెల్లవారుజామున బొమ్మ పడు నేటి పద్ధతికి పెద్దదిక్కు ఇదియే. 2024లో వచ్చిన ‘దేవర’లో కథానాయకుడు సొరపై స్వారి చేయుట చూచి ఈలలు వేసినవారు, ఆ సొరకు అంత గౌరవము ఎచటనుండి వచ్చినదో తెలియకయే వేసిరి.

ఈ గౌరవము సొరకు చేటయ్యెను. చిత్రము వచ్చిన పిదప అమెరికా తూర్పుతీరమున సొరలవేట శూరత్వప్రదర్శనమయ్యెను. సొర కాటున లోకమంతట ఏటా మరణించువారు సగటున పదిమందికి లోపే. మనుష్యుల చేత చచ్చు సొరలు ఏటా 10 కోట్ల వరకు ఉండునని 2013లో శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. నేరమంతయు చిత్రముపై మోపుట అన్యాయము. రెక్కల సూపు మరగిన నాలుకలును, పెద్ద పడవల వలలును ఉన్నవి. అయినను బెంచ్లీ 2006లో మరణించువరకు సొరల రక్షణకై పాటుపడెను. స్పీల్‌బర్గ్ 2022లో బీబీసీ రేడియోలో తన పశ్చాత్తాపమును చెప్పుకొనెను.

2021 డిసెంబరులో విశాఖ సమీపమున తంతడి తీరమునకు ఒక భారీ తిమింగల సొర కొట్టుకొనివచ్చెను. అదియు సొరయే, అయినను దాని ఆహారము సూక్ష్మజీవులును చిన్నచేపలును. మత్స్యకారులును అటవీసిబ్బందియు దానిని మరల లోతునీటికి చేర్చిరి. ఆ వార్త చదివినప్పుడు నాకు జాషువా జ్ఞప్తికి వచ్చెను. అందరును అపశకునమని తరుము గబ్బిలమును పిలిచి, కాశీనాథుని కడకు దూతగా పంపిన కవి పుట్టినది ఈ వినుకొండలోనే గదా! సొరకు అట్టి కవి ఇంకను దొరకలేదు.

దొరకకున్నను మన సంతలో దానికి లోటు లేదు. ఎండుచేపల గోనెపట్టా ముందు గొంతుక్కూర్చున్న ముసలమ్మలకు దవడల మాట తెలియదు. పసుపువేసి ఉడికించి, తోలు తీసి, పొడిపొడిగా చిదిమి, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లితో వేయించు సొరపిట్టు తెలియును. వారడుగు ప్రశ్న వేరు: "పాలసొర ఉందా అక్కా? మా అమ్మాయి బాలింత."