ముండ్లచేపలు – మన వంటయిండ్లు



చేపల యంగడిలో బొచ్చెను, శీలావతిని బేరమాడువారు పెక్కుమంది. ఆ ప్రక్కనే గంపలో వెండిరేకులవలె మెఱయుచున్న పరిగెలను చూచి, “ఇవి కొఱ్ఱమీనును పట్టుటకై గాలమునకు గ్రుచ్చు ఎరలే గాని తినదగినవి కావు, అన్నియు ముండ్లే” యని మొగము త్రిప్పుకొందురు. సత్యవ్రతుని దోసిటిలోనికి వచ్చిన మత్స్యమూర్తియు మొదట చిఱుచేపయే గదా! రూపము చిన్నదని గుణమును తక్కువగా నెంచుట తగదు.

బెజవాడనుండి ఏలూరునకు పోవు రాదారియు, గుడివాడనుండి నూజివీటికి పోవు బాటయు కలిసికొను హనుమాన్ జంక్షన్‌కు తూర్పుదిక్కున కొల్లేరున్నది. ఆ సరస్సునను, ఈ ప్రాంతపు కాలువలలోను, వానకాలమున వరిచేలలోను పరిగెలు, చేదుపరిగెలు దొరకును.

పెద్దచేప యెముకను మనము కంచము ప్రక్కకు నెట్టుదుము; దానితో సున్నపుధాతువును (కాల్షియమును) నెట్టివేసినట్లే. చిఱుచేపను ముంటితోగూడ నమలి మ్రింగుదుము. గర్భిణులకు, బాలింతలకు, ఎదుగు పిల్లలకు ఇది మిక్కిలి యవసరము. బంగ్లాదేశమున చిఱుచేపల పోషకగుణములను పరిశోధించిన షకుంతలా థిల్‌స్టెడ్ అను విదుషీమణికి 2021లో ప్రపంచాహార బహుమానము లభించినది. వేఱొక విశేషము గలదు. పెద్దచేప వండిననాడు నడిమి ముక్కలు మగవారి కంచములలోనికి పోవును. ఇల్లాలికి తోకయో, ఉత్త పులుసో మిగులును. పరిగెల నన్ననో, లెక్కపెట్టి యందఱకును సమముగా వడ్డింపవచ్చును.

ఇక వండు విధము. అర్ధకిలో పరిగెలను కల్లుప్పుతో గరుకురాతిపై రుద్ది పొలుసు పోగొట్టి, పొట్ట నొక్కి చేదును తీసివేసి, పసుపునీట రెండుమూడు మాఱులు కడుగవలెను. మట్టిదాకలో నువ్వులనూనె పోసి ఉల్లిపాయలను, పచ్చిమిరపకాయలను మగ్గనిచ్చి, ఉప్పు, కారము, పెద్ద నిమ్మకాయంత చింతపండు పులుసు చేర్చి, మరిగిన పిమ్మట చేపలను పఱచవలెను. గరిటె పెట్టరాదు, దాకను గుడ్డతో పట్టి కుదుపవలెను. సన్నని సెగపై చిరకాలముడికినచో పులుపునకు ముండ్లు మెత్తబడును. చింతచిగురు దొరకు దినములలో దానితో వండిన రుచి మఱింత హెచ్చు. మఱునాటికి పులుసు ఇంకను బాగుండును.

పసిపిల్లలకు పెట్టునపుడు ముంటిని వ్రేళ్ల నడుమ నలిపి చూడవలెను. గొంతులో ముల్లు గ్రుచ్చుకొన్నచో అన్నపు ముద్దలు మ్రింగింపక వైద్యునియొద్దకు కొనిపోవలెను. పురుగుమందు చల్లిన చేలలోని చేపలను, మురుగుకాలువల చేపలను కొనరాదు.

బొచ్చె, శీలావతులను పెంచు చెఱువులలో ఈ చిఱుచేపలను కలుపుమొక్కలవలె నెంచి, పిల్లలను వదలుటకు ముందే ఇప్పపిండి వేసి చంపుట వాడుక. కొల్లేటిని 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2006లో అందలి చెఱువుగట్లను పెక్కింటిని త్రవ్వించిరి. అయినను, అడుగువారు లేని సరకును అంగడికి తెచ్చువారుందురా? మనము కొననిచో పరిగె మన బిడ్డల కంచమునకు రాదు. కావున ఈమాఱు గంపముందు క్షణకాలము నిలిచి, పావుకిలో యైనను తూయింపుడు.