మంచు మీద ట్రాక్టరు పట్టు

1932లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, వాకెషా దగ్గర ఒక పొలంలో ఆలిస్-చామర్స్ కంపెనీ తన మోడల్ యు ట్రాక్టరుకు విమానం టైర్లు బిగించి దున్నించింది. అప్పటిదాకా ట్రాక్టరంటే ఇనుప చక్రాలే. వాటి చుట్టూ పొడుచుకొచ్చిన పళ్లు నేలలోకి దిగి బండిని లాగేవి. తోలేవాడి ఒళ్లు హూనమయ్యేది. తారురోడ్డెక్కితే రోడ్డు తవ్వినట్టయ్యేది. దమ్ము చక్రాలు విప్పకుండా రోడ్డెక్కే ట్రాక్టర్ల మీద మన పల్లెల్లో నేటికీ వచ్చే ఫిర్యాదు ఇదే. గాలి తక్కువ పట్టించిన రబ్బరు టైరు ఆ రెండు బాధలూ తీర్చింది. రైతులు మాత్రం వెంటనే నమ్మలేదు. మరుసటి ఏడాది కారు పందేల వీరుడు బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ అదే రకం ట్రాక్టరును గంటకు 64 మైళ్ల వేగంతో తోలి చూపించాడు. కొద్ది ఏళ్లలోనే కొత్త ట్రాక్టర్లు చాలావరకు రబ్బరు మీదికి వచ్చేశాయి.

అయితే విస్కాన్సిన్‌లో శీతాకాలంలో చాలా రోజులు నేల మంచు కిందే ఉంటుంది. పొలం పనులు ఆగినా పశువులకు మేత మోయాలి, పేడ తోలాలి, వాకిట్లో మంచు తొలగించాలి. ఇనుప పళ్లు గడ్డమంచులోకి గుచ్చుకునేవి. రబ్బరు గుచ్చుకోలేదు.

పొడి రోడ్డు మీద టైరుకు, అది మోపిన బరువులో ముప్పావు వంతు దాకా లాగే బలం దొరుకుతుంది. తొక్కి గట్టిపడిన మంచు మీద అది పావు వంతుకు, గడ్డమంచు మీద పదో వంతుకు పడిపోతుంది. చలి ముదిరేకొద్దీ జారుడు పెరుగుతుందనుకుంటాం గానీ నిజం దానికి తిరగేసి ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర మంచు పైన సన్నని నీటిపొర ఉంటుంది కాబట్టి అప్పుడే జారుడు ఎక్కువ. మైనస్ 20కి దిగితే ఆ పొర పలచబడి, కాస్త పట్టు దొరుకుతుంది. దీనికి తోడు పొలం టైరు ఆకారమే ఇక్కడ అడ్డు. ఎత్తైన ఏటవాలు గట్లు, మధ్య వెడల్పాటి సందులు బురదను విదిలించడానికి పెట్టినవి. గడ్డమంచు మీద ఆ గట్ల కొనలు మాత్రమే ఆనుతాయి, మిగతా టైరంతా గాలిలోనే ఉంటుంది.

దీనికి మందు ట్రాక్టరు టైరు కంటే ముందే పుట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలోని కానస్టోటాకు చెందిన హ్యారీ వీడ్ 1904 ఆగస్టులో టైరు గొలుసుకు పేటెంటు పొందాడు. బురదలో, మంచులో కార్లవాళ్లు టైరుకు తాళ్లు చుట్టుకుని తంటాలు పడుతున్న కాలమది. వీడ్ టైరుకు రెండు పక్కలా రెండు గొలుసులు పెట్టి, వాటి మధ్య అడ్డ గొలుసులు వేశాడు. టైరు మోసే బరువంతా ఇనుప కడియాల మీద, అంటే చాలా చిన్న చోట్ల మీద పడుతుంది. ఆ ఒత్తిడికి కడియం మంచులోకి దిగుతుంది. ఇనుప చక్రం చేసిన పనే ఇది, కానీ అవసరం తీరాక విప్పి పక్కన పెట్టొచ్చు. నా దృష్టిలో వీడ్ గొప్పతనమంతా ఆ విప్పే వీలులోనే ఉంది.

కారు గొలుసును పెద్దది చేసి ట్రాక్టరుకు తొడిగితే సరిపోలేదు. అడ్డ గొలుసులు గట్ల మధ్య సందుల్లోకి జారి దాక్కునేవి, నేలకు తగిలేవి కావు. అందుకే అడ్డ గొలుసులను ఒకదానితో ఒకటి కలిపే అదనపు కడియాలు వచ్చాయి. వలలా అల్లిన గొలుసులూ వచ్చాయి. అవి గట్ల నెత్తి మీదే నిలబడతాయి, చక్రం పక్కకు జారకుండా కూడా ఆపుతాయి. వాలులో దిగే ట్రాక్టరుకు ఇది ప్రాణం కాపాడే సంగతి. చాలా ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. అవి జారితే ఆపేదేమీ ఉండదు.

రెండో మందు బరువు. వెనక టైర్లలో నీళ్లు పట్టించడం మన డ్రైవర్లకూ తెలిసిన పనే. చలిదేశంలో ఆ నీళ్లు గడ్డకడతాయి. అందుకని కాల్షియం క్లోరైడ్ కలిపారు. ద్రావణంలో బరువుకు 30 శాతం ఆ ఉప్పు ఉంటే మైనస్ 50 దరిదాపుల దాకా గడ్డకట్టదు. పైగా లీటరు దాదాపు 1.28 కిలోలు తూగుతుంది. టైరులో ముప్పావు వంతు నింపి, పైన గాలికి చోటు వదులుతారు. చిక్కల్లా తుప్పుతోనే. చిన్న కారుడు చాలు, రిమ్ము తినేస్తుంది. ఈ మధ్య చక్కెర బీటు నుంచి పంచదార తీయగా మిగిలిన చిక్కటి రసం నింపుతున్నారు. బరువు ఇంచుమించు అంతే, తుప్పు బెడద లేదు.

లోతైన మెత్తటి మంచులో మాత్రం బరువు పెంచితే కూరుకుపోవడమే. అక్కడ కావలసింది వెడల్పు. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1957 అక్టోబరులో అంటార్కిటికాలోని స్కాట్ బేస్ నుంచి మూడు చిన్న ఫెర్గూసన్ ట్రాక్టర్లతో బయల్దేరాడు. ముందు వెనక చక్రాలను కలుపుతూ పట్టాలు తొడిగి బరువును పరిచాడు. మంచు పగుళ్లలో పడకుండా ట్రాక్టర్లను తాళ్లతో ఒకదానికొకటి కట్టాడు. 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరాడు. 2014 డిసెంబరులో మనాన్ ఒసెవోర్ట్ అనే డచ్చి మహిళ పట్టాలేమీ లేకుండా, గాలి బాగా తగ్గించిన వెడల్పు టైర్లతో మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరును అదే ధ్రువానికి తోలింది. గాలి తగ్గితే టైరు సాగి ఎక్కువ మంచు మీద ఆనుతుంది.

ఇక మిగిలిన దారి టైరు ఆకారాన్నే మార్చడం. 1934లో లారీలకు తొలి చలికాలపు టైరు చేసిన ఫిన్లాండు కంపెనీయే నేటి నోకియన్. రోడ్ల మీద మంచు తోసే ట్రాక్టర్ల కోసం అది ఇప్పుడు టైరు మీది గట్లు తీసేసి దిమ్మెలు పెట్టింది. ఒక్కో దిమ్మె మీద సన్నని కోతలు కోసింది. గొలుసు తొడగకుండానే మంచును పట్టే అంచులు పెరిగాయి, రోడ్డూ చెడదు. వసంతం వచ్చి దుక్కిలోకి దిగితే మాత్రం ఆ దిమ్మెల సందుల్లో మట్టి పూడుకుపోతుంది. అప్పుడు ఆ టైరు విప్పి పాత గట్ల టైరే బిగించుకోవాలి.