సీతాఫలం ఎందుకు ఆగదు?

బతుకమ్మ పండుగ దగ్గర పడుతుందనగా మా పెన్‌పహాడ్ వైపు చెలక గట్ల మీద సీతాఫలాలు కండ్లు విప్పుతాయి. నీళ్లు పెట్టే వారుండరు, ఎరువు వేసే వారుండరు. ఆకు వాసనకు మేకలు కూడా ముట్టవు. అయినా చెట్టు కాస్తుంది. ఇంత సులువుగా పండే పండు అమ్మేవాళ్లకు మాత్రం ఎందుకు గిట్టదు? జవాబు పండులోనే ఉంది.

పేరు సీతమ్మదే గాని పుట్టిల్లు ఉష్ణమండల అమెరికా. శాస్త్రనామం అనోనా స్క్వామోసా. ఒకే పువ్వులోని అనేక ఫలదళాలు కలిసి ఒక కాయగా మారుతాయి. పైన కనిపించే ఒక్కో కన్ను ఒక్కో ఫలదళమన్నమాట! పువ్వులో ముందు కీలాగ్రం పక్వమవుతుంది, పుప్పొడి ఆ తర్వాతే రాలుతుంది. అందుచేత చిన్న పెంకుపురుగులు మరో పువ్వు నుంచి పుప్పొడి మోసుకురావాలి. అది అందని వైపు గింజ పట్టదు, కాయ వంకరపోతుంది.

రకాలలో మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ పేరున్నది ప్రసిద్ధం. ఎర్రతొక్క రకమూ ఉంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన ‘అర్క సహన్’ సంకరంలో గింజలు తక్కువ, మాగడమూ నెమ్మది. రామాఫలం దీని దాయాదే గాని రకం కాదు.

100 గ్రాముల గుజ్జులో సుమారు 24 గ్రాముల పిండిపదార్థాలు, 36 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటాయి. పట్నం దుకాణాల్లో ఖరీదుగా అమ్మే అవకాడోలో అంతే గుజ్జుకు 15 గ్రాముల దాకా కొవ్వు, చక్కెర మాత్రం గ్రాము లోపే. కనుక మధుమేహం ఉన్నవారు సీతాఫలాన్ని కొలిచి తినాలి.

ఇక అసలు చిక్కు. కోసిన కాయలో శ్వాసక్రియ పెరిగి, ఇథిలీన్ వాయువు వెలువడి రెండు మూడు రోజుల్లోనే మెత్తబడుతుంది. గడ్డిలో మాగేస్తే వాయువు అక్కడే నిలిచి ఇంకా తొందర. ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది. జామ్ చేద్దామా అంటే, మరగబెట్టిన గుజ్జు చేదెక్కుతుంది. అందుకే బాసుందికి పాలు కాచి చల్లార్చాకే గుజ్జు కలుపుతారు. ఐస్‌క్రీమ్‌కూ పచ్చి గుజ్జే.

రోడ్డు పక్కన గంప పెట్టుకున్న అమ్మకు సాయంత్రం దాకానే బేరం. పొద్దు గూకితే అడిగినంతకు ఇచ్చి పోవాల్సిందే. గింజ తీసిన గుజ్జును వెంటనే గడ్డకట్టిస్తే నెలల తరబడి నిలుస్తుంది. అటువంటి చిన్న కేంద్రం మండలానికొకటి ఉంటే ఆ గంపకు రేపటి ధర కూడా ఉంటుంది. మిత్రులారా, మనం ప్రయోగశాలలో చదివే శ్వాసక్రియ పాఠం ఆ గంప దాకా చేరాలి!