తారిణి దారి, మన వానల దారి

గోవా నుంచి బయలుదేరి భూగోళాన్ని చుట్టి మళ్ళీ గోవా చేరాలనుకునే తెరచాప పడవ దగ్గరి దారి వెతుక్కోదు, గాలి ఉన్న దారిని వెతుక్కుంటుంది. భారత నౌకాదళానికి చెందిన 55 అడుగుల ‘తారిణి’ చేసింది అదే. ఆరుగురు మహిళా అధికారులతో 2017 సెప్టెంబరు 10న గోవా తీరం వదిలి 254 రోజుల తర్వాత, 2018 మే 21న, తిరిగి వచ్చింది. వర్తికా జోషి సారథ్యంలోని ఆ జట్టులో హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి ఉన్నారు. వాళ్ళ ధైర్యం గురించి పత్రికలు చాలానే రాశాయి. వాళ్ళు నమ్ముకున్న గాలుల గురించి అంతగా రాయలేదు. ఆ గాలుల సంగతి ఉత్తర తెలంగాణకు దూరపు ముచ్చట కాదు. కరీంనగర్ వరికీ ఆదిలాబాద్ పత్తికీ వాన మోసుకొచ్చేదీ, తారిణికి దారి చూపిందీ ఒకే వాయు వ్యవస్థ.

తారిణి నడిచిన దూరం 21,600 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 40,000 కిలోమీటర్లు. రేవుల్లో ఆగిన రోజులు తీసేస్తే సముద్రంపై గడిపింది సుమారు 200 రోజులు. లెక్క కడితే సగటు వేగం గంటకు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు. తీరిగ్గా తొక్కే సైకిలు కూడా అంతకన్నా ముందే పోతుంది. ఇంత నెమ్మదిగా సాగే పడవకు ఎదురుగాలి వారాల కొద్దీ ఆలస్యం తెస్తుంది. అందుకే గోవా నుంచి ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్‌కు, అక్కడినుంచి న్యూజిలాండ్‌లోని లిటిల్‌టన్‌కు, కేప్ హార్న్ చుట్టి ఫాక్‌లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీకి, ఆపైన కేప్‌టౌన్‌కు, మొత్తమ్మీద పడమటి నుంచి తూర్పుకే సాగింది. దక్షిణార్ధగోళంలో 40 డిగ్రీల అక్షాంశం దాటాక పడమటి గాలులు ఏడాది పొడవునా బలంగా వీస్తాయి. వాటిని అడ్డుకునే పెద్ద భూభాగం అక్కడ లేదు. కేప్ హార్న్‌ను జనవరిలో దాటడం కూడా యాదృచ్ఛికం కాదు, అక్కడ అది వేసవి. ఈ తెలివి కొత్తదీ కాదు. 1611లో డచ్చి నావికుడు హెండ్రిక్ బ్రౌవర్ కేప్ ఆఫ్ గుడ్ హోప్ నుంచి నేరుగా జావా వైపు పోకుండా, ముందు దక్షిణానికి దిగి పడమటి గాలుల్ని అందుకున్నాడు. దూరం పెరిగింది, ప్రయాణ కాలం మాత్రం బాగా తగ్గింది.

నేటి పడవలు ఎదురుగాలిలోనూ పోగలవు కదా, మరి గాలి దిక్కుతో పనేమిటని అడగవచ్చు. పోగలవన్నది నిజమే. వంపు తిరిగిన తెరచాప విమానం రెక్కలా పనిచేస్తుంది. దాని రెండు వైపులా గాలి పీడనంలో వచ్చే తేడా పడవను పక్కకూ ముందుకూ లాగుతుంది. అడుగున నీళ్ళలోకి దిగిన బరువైన కీల్ ఆ పక్కలాగుడును చాలావరకు అడ్డుకుంటుంది, మిగిలిన బలం పడవను ముందుకు నడుపుతుంది. అయినా గాలికి పూర్తిగా ఎదురుగా ఏ తెరచాపా పోలేదు. సుమారు 45 డిగ్రీల కోణంలో ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి వంకరటింకరగా పోవాలి. అలా పోతే 100 మైళ్ళ దారి 140 మైళ్ళు దాటుతుంది. పైగా ఎదురొచ్చే అలలు వేగాన్ని మింగేస్తాయి, చుక్కానినీ తెరచాపల తాళ్ళనూ అరగదీస్తాయి. ఇంజన్ ఉంది కదా అంటే, చిన్న పడవలో పట్టే డీజిల్ మహాసముద్రం దాటడానికి చాలదు. ఉపగ్రహాలిచ్చే వాతావరణ సూచన కొన్ని రోజుల వరకే నమ్మదగినది. నెలల ప్రయాణానికి ప్రణాళిక వేయాలంటే ఆధారం గాలుల రుతుక్రమమే.

ఆ రుతుక్రమంలోనే మన వాన ఉంది. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఆగ్నేయ వ్యాపార పవనాలు భూమధ్యరేఖ వైపు వీస్తాయి. వేసవిలో మన నేల వేడెక్కి ఉత్తరాన పీడనం తగ్గినప్పుడు అవి రేఖ దాటి వస్తాయి. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో కుడివైపుకు వంగి నైరుతి రుతుపవనాలవుతాయి. సముద్రం మీదుగా వస్తూ తాగిన తేమను కొంత అరేబియా సముద్రం వైపు నుంచి, కొంత బంగాళాఖాతపు అల్పపీడనాల ద్వారా లోపలి భూములకు చేరుస్తాయి. మిర్గం (మృగశిర కార్తె) నాటికి ఆదిలాబాద్ రైతు ఎదురుచూసేది ఈ గాలికే. తారిణి కూడా తిరుగు ప్రయాణంలో చుక్కాని వ్యవస్థ దెబ్బతిని మారిషస్‌లో ఆగి, అక్కడినుంచి ఇదే గాలి మేఖల మీదుగా ఉత్తరానికి వచ్చింది.

గాలి అంత అనుకూలమైతే రుతుపవనాలు పూర్తిగా వచ్చాకే రావచ్చు కదా అనిపిస్తుంది. కానీ జూన్, జులైలలో అరేబియా సముద్రంలో గాలి ఎంత బలంగా ఉంటుందో, పడమటి తీరం దగ్గర అల అంత ప్రమాదకరం. 2024 అక్టోబరు 2న ఇద్దరు అధికారులు దిల్నా, రూపా ఇదే తారిణిలో మళ్ళీ లోకం చుట్టి 2025 మే 29న, అంటే జూన్, జులైల ఉధృతికి ముందే, గోవా చేరారు. అనుకూలత అంటే దిక్కొక్కటే కాదు, తగినంత బలం కూడా. రెండువేల ఏళ్ళ కిందటి వర్తకులకూ ఈ లెక్క తెలుసు. ఎర్ర సముద్రం నుంచి జులై ప్రాంతంలో బయలుదేరి, ఉధృతి తగ్గే వేళకు మన తీరం చేరేవారు. పాత కరీంనగర్ జిల్లాలోని పెద్దబంకూరు శాతవాహన స్థలంలో రోమన్ నాణేలు దొరికాయి. శాతవాహనుల కొన్ని నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ ఉంది. సముద్రానికి 300 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఊరి అంగడిని కూడా ఆ గాలులు తాకాయి.

ఒక చిన్న పడవ ప్రయాణం శాస్త్రానికి ఏం మిగిల్చిందన్నది చివరి ప్రశ్న. తారిణి జట్టు దారి పొడవునా గాలి, అల, వాతావరణ వివరాలు నమోదు చేసి భారత వాతావరణ శాఖకు అందించింది. దక్షిణ మహాసముద్రంలో ఓడల రాకపోకలు తక్కువ, కొలతలూ తక్కువ. ఉపగ్రహం పైనుంచి అంచనా వేసిన గాలిని నీటి మీద కొలిచిన అంకెతో సరిచూసుకోవాలి. మన రుతుపవనాల మూలం ఆ దక్షిణార్ధంలోనే ఉంది కనుక అక్కడి కొలతల మీద పెట్టే ఖర్చు సముద్ర తీరాల కోసం మాత్రమే అనుకోకూడదు. విత్తనం ఎప్పుడు వేయాలో నిర్ణయించుకునే కరీంనగర్ రైతుకూ అందులో వాటా ఉంది.