మెత్తని నేలపై కట్ట చిరకాలము నిలుచుట ఎట్లు?

కృష్ణా, గోదావరి డెల్టాలలోని పెక్కు గ్రామములలో వర్షాకాలము గడచిన పిమ్మట ఒక మాట వినవచ్చుచుండును: “కట్ట మరల కుంగినది, మరి నాలుగు ట్రాక్టర్ల మట్టి పోయించవలెను.” మట్టి పోయుదురు. రెండేండ్లు తిరుగకముందే కట్ట మరల కుంగును. పంచాయతీ ధనము మట్టిలో కలియును గాని కట్ట ఎత్తు నిలువదు. దీనికి కారణము పైనున్న మట్టిలో కాక, అడుగుననున్న నేలలో ఉండుట కలదు. ఈ సంగతి పంచాయతీ సభ్యులందరును ఎరుగవలెనని ఇచ్చట వివరించుచున్నాము.

కట్ట వట్టి మట్టిదిబ్బ కాదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో వేలాది ప్రజలు ప్రాణములు కోల్పోయిరి. అట్టి తీరమున కరకట్టయే ఊరికి కోట. ఒక అడుగు కుంగిన చోటనే నీరు మొదట పొర్లును. పొర్లిన చోటనే గండి పడును.

నేల ఏల కుంగును?

నదులు వేల యేండ్లుగా తెచ్చి వేసిన మేటలలో, ముఖ్యముగా సముద్రతీరమునకు చేరువలో, మెత్తని బంకమన్ను పొరలు కలవు. ఈ మన్నులో రేణువుల నడుమ నీరు నిండియుండును. పైన కట్ట వేసినపుడు ఆ బరువును మొట్టమొదట ఈ నీరే మోయును. క్రమముగా నీరు బయటికి పోగా రేణువులు దగ్గరకు చేరును, నేల కుంగును, కుంగినకొలది గట్టిపడును. కావున కుంగుట రోగము కాదు, నేల బలము పొందు మార్గమే. చిక్కెల్లయు కాలముతోనే. ఇసుకలో నీరు వెంటనే పోవును. బంకమన్నులో ఏండ్ల తరబడి పట్టును.

ఈ లెక్కను కార్ల్ టెర్జాగీ అను శాస్త్రజ్ఞుడు 1925లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. నీరు బయటపడుటకు నడువవలసిన దూరము రెట్టింపైనచో, పట్టు కాలము నాలుగు రెట్లగును. దూరము సగమైనచో కాలము నాలుగవ వంతే. నేలను బలపరచు ఉపాయములలో ముఖ్యమైనవి ఈ సూత్రముపైననే ఆధారపడియున్నవి.

బలపరచు మార్గములు

మొదటిది, ఓపిక. మిక్కిలి మెత్తని నేలపై 3 మీటర్ల కట్టను ఒక్కమారుగా లేపినచో అది ప్రక్కకు జారిపోవచ్చును. కొంత ఎత్తు వేసి, నేల గట్టిపడువరకు ఆగి, ఆపై మరికొంత వేయవలెను.

రెండవది, ముందుగా అదనపు బరువు పెట్టుట. కావలసిన ఎత్తుకంటె కొంత హెచ్చుగా మట్టి పోసి, ఏండ్ల తరువాత రానున్న కుంగుడును ముందే రప్పించి, పిదప ఆ హెచ్చు మట్టిని తీసి వేరొక పనికి వాడుకొందురు.

మూడవది, నీటికి దగ్గరి దారి చూపుట. నేలలోనికి నిలువుగా రంధ్రములు వేసి ఇసుకతో నింపుదురు. లేదా నీటిని పీల్చు సన్నని ప్లాస్టిక్ పట్టీలను దింపుదురు. వీనిని సుమారు ఒక మీటరు ఎడముగా నుంచినచో, నీరు నడువవలసిన దూరము మీటరులోపే. ఏండ్లు పట్టవలసినది నెలలలో ముగియును.

నాలుగవది, నేలలో కంకరరాతి స్తంభములు దింపుట. ఇవి బరువును కొంత తామే మోయును. నీటికి దారియు ఇచ్చును. ఖర్చు హెచ్చు గనుక వంతెనల దాపున, ముఖ్యమైన చోట్లనే వాడుదురు.

ఐదవది, కట్ట అడుగున బలమైన వస్త్రము పరచుట. కొబ్బరి పీచుతో నేసిన వస్త్రమును గ్రామీణ రహదారులకు వాడుటకు 2020లో కేంద్రప్రభుత్వము అనుమతించినది. పీచు కొన్ని ఏండ్లకు శిథిలమగును. అయినను అప్పటికి నేల గట్టిపడి తన బరువు తాను మోయగలుగును.

లోతైన పొరలను విస్మరించిన ఉపాయము అసంపూర్ణమే. జపానులో 1994లో ప్రారంభమైన కన్సాయ్ విమానాశ్రయమును సముద్రములో కృత్రిమ ద్వీపముపై నిర్మించిరి. పై బంకమన్ను పొరను ఇసుక స్తంభములతో గట్టిపరచిరి. కాని దాని క్రింది లోతైన పొరలకు ఆ ఉపాయము అందలేదు. ఆ ద్వీపము పది మీటర్లకు మించి కుంగినది. ఇంకను మెల్లగా కుంగుచునే యున్నది.

పంచాయతీ కర్తవ్యము

ఈ పనుల రూపకల్పన ఇంజనీర్లది. కాని చూచుట, అడుగుట, కాపాడుట గ్రామస్థులది. పని మంజూరగునపుడు నేల పరీక్ష ఎంత లోతువరకు జరిగినదో అడుగుడు. కట్ట పాదము చెంత మట్టికొరకు గోతులు త్రవ్వనీయకుడు. అది కట్టకాలు నరకుటయే. కుంగుడును కొలుచుటకు అడుగున ఇనుపరేకును, దానిపై కడ్డీని నిలుపుదురు. పశువులు, బండ్లు దానిని విరువకుండ చూడుడు.

కట్ట పొడవునా నిలువు బీటలు వారినను, ప్రక్క చేను ఉబికి పైకి లేచినను అది ప్రమాద సూచన. వెంటనే మట్టి పోయుట ఆపించి ఇంజనీరుకు తెలుపవలెను. అట్టి వేళ పైన పోసిన ప్రతి గంప మట్టియు కట్టను నిలుపదు, కూల్చును.

తొందరపడి కట్టిన కట్ట ఏటేటా ఖర్చు తెచ్చును. ఆగి, కొలిచి, నేలను బలపరచి కట్టిన కట్ట తరతరములకు ఊరిని కాచును. రాబోవు వర్షాకాలమునకు ముందే ప్రతి పంచాయతీ తన పరిధిలోని కట్టలను ఒకమారు నడచి చూచుట మేలు.